మేకులు లేని ఊరు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను ఎప్పుడూ ఉండేవాళ్లమే. మేము కాక ధనుర్వాత నిర్మూలన ప్రత్యేకాధికారి చక్రధరరావు గారు, ఆయన వెంట తిరిగే ఫొటోగ్రాఫరు, మా ఊరి నర్సు ఎస్తేరు సిస్టరు, ఎడ్లకు నాడాలు కొట్టే కాశింపీరా తాత. గోడల మీద ఉండాల్సిన దేవుళ్లు కూడా ఆ రోజు కిందే ఉన్నారు, చాప మీద వరసగా, గోడకు ఆనుకుని. ఇక నాయనమ్మ కాలిలో ఒక ముల్లు. అందరినీ నాన్న భోజనానికి పిలిచాడు. ముల్లు మాత్రం పిలవకుండా వచ్చింది.

దేవుళ్లు చాప మీదకు ఎందుకు దిగారో ముందు చెప్పాలి.

వేసవి చివర్లో చక్రధరరావు గారు మా ఊరికి జీపులో వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. ఆయన ఏది చెప్పినా చదువుతున్నట్టే చెబుతారు, చేతిలో కాగితం లేకపోయినా సరే.

"ధనుర్వాతము అను మహమ్మారికి మూలకారణం తుప్పు పట్టిన మేకు. ఇది అందరికీ తెలిసిన విషయమే కనుక దీనిపై చర్చ అనవసరం. సూది అనేది గాయమైన తర్వాత వేసేది. మేకు అనేది గాయానికి ముందే పీకేది. ముందుచూపు గల పాలన ఏది ఎంచుకోవాలి? కావున ఈ గ్రామాన్ని మండలంలోనే తొలి మేకురహిత గ్రామంగా తీర్చిదిద్దవలసిందిగా నిర్ణయించడమైనది" అన్నారు.

కాశింపీరా తాత లేచాడు. ఆయన బతుకంతా మేకులతోనే.

"సార్, తుప్పు పట్టినయ్యి పీకాలా, మంచియ్యి కూడా పీకాలా?"

చక్రధరరావు గారు చిరునవ్వు నవ్వారు. "నేటి కొత్త మేకే రేపటి తుప్పు మేకు."

జనం చప్పట్లు కొట్టారు. అందరూ ఆపేశాక కూడా మా నాన్న కొడుతూనే ఉన్నాడు. అందుకని ఆయన్ని అక్కడికక్కడే మేకుమిత్రగా ప్రకటించి మెడలో ఊదారంగు కండువా వేశారు. నాన్న పేరు మాలకొండయ్య. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

పని విడతల వారీగా జరగాలన్నారు. మొదటి విడతలో గోడలు, మంచాలు, బడి బల్లలు. రెండో విడతలో ఎడ్లు, బండ్లు, చెప్పులు. తలుపులూ కిటికీలూ మూడో విడతకు వాయిదా వేశారు. ఆఫీసు తలుపులు కూడా పీకాల్సి వస్తుందేమోనని ఎవరో అడిగారట.

మేకుమిత్ర ఇల్లు ఆదర్శంగా ఉండాలి గనక మొదట మా గోడలే ఖాళీ అయ్యాయి. క్యాలెండరు దిగింది. అద్దం దిగింది. జల్లెడ, చేట, నాన్న చొక్కాలు దిగాయి. చివరికి దేవుళ్లు దిగారు. నాయనమ్మ పేరు వెంగమ్మ. ఆమె నోరు వీధి చివరికి వినపడుతుంది.

"ఏరా కొండయ్యా, వెంకటేస్పర సామిని నేల మీద కూసోబెట్టావే, నాకు మొక్కాలంటే బోర్లా పడుకోవాలిరా! లేపేదెవరు నన్ను?"

"ఊరి మంచి కోసం గదమ్మా."

"ఊరి మంచి ఊళ్లో చూడు. నా గోడకేం రోగమొచ్చింది?"

"నీకు తెలవదులే. నోరు మూసుకో."

"మూసుకోను. అది నా ఇష్టం."

బళ్లో బల్లలన్నీ ఊడదీశారు. నల్లబల్ల గోడకు వేలాడడం మానేసి నేల మీద నిలబడింది. లెక్కల మాస్టారు గొంతుక్కూర్చుని లెక్కలు చేసేవారు. పెద్ద లెక్కయితే మధ్యలో ఒకసారి లేచి మోకాళ్లు పట్టుకుని నిట్టూర్చి మళ్లీ కూర్చునేవారు. నాకు మాత్రం నేలే బాగుంది. నేల మీద కూర్చుంటే ముందువాళ్ల వీపు చాటున ఎవరికీ కనపడను. ఎవరూ ప్రశ్న అడగరు.

మేకులు తెచ్చిన పిల్లలకు పెన్ను ఇస్తామన్నారు. పాత మేకులు త్వరగానే అయిపోయాయి. అప్పుడు మగపిల్లలు కిరాణా కొట్టుకు వెళ్లి కొత్త మేకులు కొనుక్కొచ్చి బడిలో అప్పజెప్పడం మొదలుపెట్టారు. కొట్టు ఆయన టౌను నుంచి బస్తాలకొద్దీ మేకులు దింపించాడు. మా ఊరు పుట్టిన తర్వాత అన్ని మేకులు ఎప్పుడూ రాలేదు. చక్రధరరావు గారు ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"పీకుతున్న కొద్దీ వస్తున్నాయంటే సమస్య మనం అనుకున్నదానికంటే లోతుగా పాతుకుని ఉన్నది. కార్యక్రమాన్ని మరో నెల పొడిగించడమైనది" అన్నారు.

రెండో విడతలో మా ఎద్దుల నాడాలు పీకమని కాశింపీరా తాతను పిలిచారు. ఆ నాడాలు ఆయనే అంతకు కొద్ది రోజుల ముందు కొట్టాడు.

"ఎడ్లు తారు రోడ్డు మీద ఎట్టా నడుస్తయ్యి సార్? గిట్టలు అరిగిపోవా?"

"ప్రత్యామ్నాయ పాదరక్షణ ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది."

"అంటే చెప్పులా సార్?"

"చెప్పులకూ మేకులు ఉంటాయి. ఆలోచించి మాట్లాడండి."

చివరికి ఎద్దుల కాళ్లకు గోనెసంచులు కట్టారు. వానకు తడిసిన గచ్చు మీద పెద్దమనుషులు పంచె ఎత్తి పట్టుకుని నడిచినట్టు, మా ఎద్దులు అడుగులో అడుగు వేసుకుంటూ పొలానికి వెళ్లాయి. ఊరి చెప్పులన్నింటికీ అడుగున ఉన్న చీలలు పీకేశారు. చీల పీకితే అట్ట వేరు, తోలు వేరు. ఊరు ఊరంతా వట్టికాళ్లతో తిరగసాగింది. నాయనమ్మ తోలు చెప్పులు కూడా అందులోనే పోయాయి.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఎస్తేరు సిస్టరు ఒక్కసారి మాత్రం అడ్డం వచ్చింది. బడికి వచ్చి మా క్లాసులో, ఆ జబ్బు తెచ్చే క్రిమి తుప్పులో పుట్టదనీ, మట్టిలో, పేడలో ఉంటుందనీ, గాయం లోతుగా అయితే ఏది గుచ్చుకున్నా ఒకటేననీ చెప్పింది. మర్నాడే ఆమెకు మెమో వచ్చింది. కారణం, అనధికారికంగా మట్టి ప్రస్తావన తేవడం. మళ్లీ తెస్తే వేరే ఉద్యోగం చూసుకోవాల్సి ఉంటుందని కూడా అందులో రాశారట. దాంతోపాటు ఇంకో ఆదేశం వచ్చింది. మేకురహిత గ్రామంగా ప్రకటించే వరకూ గాయాల కోసం ఒక్క ధనుర్వాతం సూది కూడా వేయకూడదు. ఎందుకని సిస్టరు అడిగితే చక్రధరరావు గారు ఓపిగ్గా వివరించారు.

"సూది వేశామంటే గాయమైనట్టు. గాయమైందంటే మేకు ఉన్నట్టు. మేకు ఉందంటే మనం లేనట్టు."

ఇక ఆ రోజు సంగతి. ఆ సాయంత్రమే మా ఊరికి ధ్రువపత్రం ఇస్తారు. మేకు లేకుండా తాళ్లతో కట్టిన వేదిక కూడా తయారైంది, కాస్త ఊగుతోంది. మధ్యాహ్నం భోజనం మేకుమిత్ర ఇంట్లో. అమ్మ పొద్దుటి నుంచి గారెలు వేస్తోంది. వేదిక కట్టడానికి సాయం చేసిన కాశింపీరా తాతను కూడా నాన్న భోజనానికి రమ్మన్నాడు. ఆ రోజు పిల్లలకూ గర్భిణులకూ టీకాలు వేసే రోజు కావడంతో ఎస్తేరు సిస్టరు ఐసు పెట్టె భుజాన వేసుకునే వచ్చింది.

అందరూ కూర్చున్నాక నాయనమ్మ వెనక గుమ్మంలోంచి కుంటుకుంటూ వచ్చింది. పేడ ఎత్తిపోయడానికి వట్టికాళ్లతో దిబ్బ మీదకు వెళ్లిందట. దిబ్బలో కూరుకుపోయి ఉన్న చిల్లకంప ముల్లు మడమలోకి దిగింది. సగం విరిచి పారేసి, పైన సున్నం, పసుపు మెత్తింది.

"ఏం కాలేదులే, ముల్లేగా" అంది.

సిస్టరు గారెల పళ్లెం పక్కన పెట్టేసింది. "అవ్వా, కాలు ఇట్టా ఇవ్వు. హేమా, సబ్బు తే. చెంబుతో నీళ్లు పోస్తా ఉండు, ఆపమాకు" అంది నాతో.

వాకిట్లో కూర్చోబెట్టి ఆ సున్నం, పసుపు అంతా కడిగేసింది. సబ్బు పెట్టి ఇంకా కడిగింది. నాయనమ్మ తిడుతుంటే వింటూనే, లోపల ఉండిపోయిన ముల్లు ముక్కను చిమటాతో లాగింది. ముక్క పేడరంగులో ఉంది.

"నీకు ఎప్పుడన్నా ధనుర్వాతం సూది వేశారా అవ్వా?"

"నాకు సూదంటే చేటలు కుట్టే సూది తప్ప ఇంకోటి తెలవదు."

సిస్టరు ముఖం మారింది. అమ్మ నన్ను పక్కకు లాగి మెల్లగా చెప్పింది. తన పెదనాన్న ఒకాయన ఇలాగే ముల్లు దిగితే పట్టించుకోలేదట. వారం తిరక్కుండా దవడ బిగుసుకుపోయి, మంచినీళ్లు కూడా మింగలేక, ఒళ్లంతా విల్లులాగా వంగిపోయి చనిపోయాడట. చెబుతుంటే అమ్మ చేతిలో గారెల పిండి ఎండిపోయింది.

చక్రధరరావు గారు చెయ్యి కడుక్కుని వచ్చారు. "ఏమిటది?"

"గాయం సార్" అంది సిస్టరు.

"ఈ రోజు ఆ మాట వాడకండి. పాదసంబంధిత అసౌకర్యం అనండి."

"అసౌకర్యమే సార్. సూది వెయ్యాలి."

"గుచ్చుకున్నది ఏమిటి?"

"ముల్లు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ముల్లు లోహం కాదు. లోహం కాదు కనుక తుప్పు పట్టదు. తుప్పు పట్టదు కనుక ధనుర్వాతం రాదు. రాని జబ్బుకు సూది ఎందుకు? అసౌకర్యం కడగడానికి మీకు అనుమతి ఉంది. కడిగారు. సంతోషం."

"సూది వెయ్యాలి సార్" అంది సిస్టరు మళ్లీ.

"కారణం లిఖితపూర్వకంగా చెప్పగలరా?"

సిస్టరు చిమటాలోని ముల్లు ముక్కను చూసింది. కారణం మట్టే. ఆ మాట ఆమె అనకూడదు.

నాన్న కండువా అంచు నలుపుతూ నిలబడ్డాడు. ఒకవైపు కన్నతల్లి, ఇంకోవైపు ఊగుతున్న వేదిక. "సార్, పెద్దామె. ఎట్టోకట్టా ఏదన్నా దారి..." అన్నాడు.

చక్రధరరావు గారు చెడ్డవారు కాదు. దారి ఉంటే చూపించే మనిషే. "ఆ పెట్టెలోని సూదులు ఎవరెవరికి వేయవచ్చు?" అని సిస్టరును అడిగారు.

"గర్భిణులకు, పదేళ్ల పిల్లలకు, పదహారేళ్ల పిల్లలకు సార్."

"అయితే ఈమెను గర్భిణుల కింద నమోదు చేయండి."

గారె నములుతున్న కాశింపీరా తాత నమలడం ఆపేశాడు.

"రాయించు నాయనా, రాయించు!" అంది నాయనమ్మ. "ఆయన పోయి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. ఊళ్లో అడిగితే సారు రాశాడని చెబుతాలే."

నాన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కాశింపీరా తాతకు పొలమారింది. అమ్మ నీళ్లిచ్చింది.

"పేరు ఎక్కించాలంటే ఫోన్లో వయసు కొట్టాలి సార్. ఇంత వయసు తీసుకోదు" అంది సిస్టరు.

"అలాగైతే పదహారేళ్ల విభాగం. ఈ అమ్మాయి వయసెంత?" అని నన్ను చూపించారు.

"ఆ పిల్ల సూది ఆ పిల్లది సార్. ఒకరి పేరున ఇంకొకరికి వెయ్యను" అంది సిస్టరు. తర్వాత గోడ వైపు చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టుగా అంది. "బళ్లో నేను చెప్పింది చెప్పాను. మళ్లీ చెప్పే రాత నాకు లేదు. విన్న పిల్లలు ఎవరన్నా ఉంటే వాళ్ల నోటికి మెమో లేదు."

ఆ గోడ ముందు నేనే నిలబడి ఉన్నాను.

కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. చుట్టాలొస్తే మంచినీళ్లు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తాను. పైకి అనలేనివన్నీ డైరీలో రాసుకుంటాను, అక్కడైతే గడగడా మాట్లాడతాను. కానీ నాయనమ్మ మడమలోంచి కొంచెం కొంచెంగా రక్తం వస్తూనే ఉంది. అందుకని అమ్మ చెవిలో చెప్పాను. క్రిమి తుప్పులో ఉండదు, మట్టిలో, పేడలో ఉంటుంది, గాలి తగలని లోతు గాయంలో పెరుగుతుంది, మేకైనా ముల్లైనా ఒకటే, దిబ్బలో ముల్లు ఇంకా ప్రమాదం, సూది ఇవాళే పడాలి.

అమ్మ కూడా అధికారులతో నేరుగా మాట్లాడదు. నాన్న వైపు తిరిగింది. "ఏవయ్యా, ఆ పురుగు దిబ్బలో ఉండిద్దంట. మేకు మీద నింద వేసి మనం ఊరికే పీక్కున్నామంట. మీ అమ్మకి సూది పడకపోతే రేపు దవడ బిగుసుకుపోద్ది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

నాన్న కండువా సర్దుకున్నాడు. "సార్, తమరు వేరేగా అనుకోమాకండి. మేకు మంచిదేనని కాదు. మేకు ఉట్టి బండి లాంటిదంట సార్. అందులో ఎక్కి వచ్చేది మట్టి నుంచి, పేడ నుంచంట. ముల్లు కూడా బండేనంట."

"ఎవరన్నారు?"

నాన్న అమ్మను చూశాడు. అమ్మ నన్ను చూసింది. నేను చాప మీది దేవుళ్లను చూశాను.

చక్రధరరావు గారు లేచి వాకిట్లోకి నడిచారు. ఇక అయిపోయిందనుకున్నాను. కేకలు వేస్తారు, నాన్న కండువా తీయించుకుంటారు, సిస్టరుకు ఇంకో మెమో, నాయనమ్మకు సూది లేదు. ఆయన వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ దానివైపే చూశారు.

"మట్టి" అన్నారు. తర్వాత మా ఇంటి వైపు, వీధి వైపు, వీధి చివర పొలాల వైపు చూశారు. "మేకు ఎంత ఉంటుంది? వేలెడంత. మట్టి ఎంత ఉంది? ఎటు చూసినా మట్టే! వేలెడంత మేకుకే మనం ఇంత చేశామంటే, మట్టికి ఎంత చేయవలసి ఉంటుంది! ఇందుమూలంగా ఈ గ్రామం మండలంలోనే తొలి మట్టిరహిత గ్రామం కాబోతున్నది."

ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు.

"ఊరి కింద మట్టి లేకపోతే ఊరు ఎట్టా నిలబడిద్ది సార్?" అన్నాడు నాన్న.

"విడతల వారీగా. మొదటి విడత వాకిళ్లు. పొలాలు మూడో విడత."

"మరి మేకులు?"

"మేకు నిర్దోషి అని తేలినది కదా. తిరిగి కొట్టుకోవచ్చును."

కాశింపీరా తాత ఎవరినీ అడక్కుండా ఇంకో గారె తీసుకున్నాడు.

చక్రధరరావు గారికి అంతలో ఏదో గుర్తొచ్చి ముఖం వాడిపోయింది. "కొత్త పథకం ప్రతిపాదించాలంటే సమస్య తీవ్రత చూపించాలి. మట్టి వల్ల గాయపడినవారు కనీసం ఒక్కరైనా ఉండాలి. వెంటనే ఎక్కడ దొరుకుతారు?"

ఎస్తేరు సిస్టరు ఆలస్యం చేయలేదు. "ఇక్కడే ఉంది సార్. నిన్నటి పథకం లెక్కలో ఆమెకు గాయం లేదు. కొత్త పథకంలో ఆమే మొదటి బాధితురాలు. కానీ సూది వెయ్యకుండా బాధితురాలని రాసే అధికారం నాకు లేదు సార్."

"అయితే ఇంకా వేయలేదా?" అని ఆయన కోప్పడ్డారు. "ఇంత నిర్లక్ష్యమా? యుద్ధప్రాతిపదికన వేయండి!"

"వేస్తాను సార్. ఇది ఒక్కటే చాలదు. దీని బలం రావడానికి రోజులు పట్టిద్ది. అవ్వకు ఇంతవరకూ ఒక్కటీ పడలేదు, గాయం దిబ్బది. వెంటనే కాపాడే సూది ఇంకోటి ఉంది, నా పెట్టెలో లేదు. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. నెలకు ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి కూడా మరిచిపోకూడదు."

"ప్రథమ బాధితురాలు ప్రభుత్వ వాహనంలో ప్రయాణించడం పథకానికే శోభ. జీపు సిద్ధం చేయించండి!"

నాయనమ్మకు అప్పటికి విషయం అర్థమైంది. "కొండయ్యా, జీపులో ముందు సీటు ఇస్తేనే వస్తా. ముందే చెబుతున్నా."

నాన్న కళ్లు తుడుచుకుని, "ఇస్తారులే అమ్మా. నువ్వు ముందు ఆ సూది ఏయించుకో తల్లీ" అన్నాడు.

సిస్టరు నాయనమ్మను పట్టుకుని లోపలి గదిలోకి నడిపించింది. సూది వేసేటప్పటి ఫొటో కూడా కావాలని ఫొటోగ్రాఫరు వెనకే బయల్దేరాడు. "పరాయి మగాడి ముందు రైక చెయ్యి పైకి లాగనురా! పో అవతలకి!" అని నాయనమ్మ అరిస్తే అక్కడే ఆగిపోయాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు వినపడింది, చక్రధరరావు గారు నాన్నతో అంటున్న మాట.

"మొట్టమొదట ఈ శాస్త్రీయ దృక్పథాన్ని ప్రతిపాదించినది మీ అమ్మాయే కదా? ఇందాక మీ చూపులను బట్టి గ్రహించడమైనది. సాయంత్రం సభలో ఆమెను మట్టిమిత్రగా ప్రకటిద్దాం. ప్రజలనుద్దేశించి ఓ అరగంట ప్రసంగించవలసి ఉంటుంది. ఎక్కడ అమ్మాయి? ఫొటో తీసుకుందాం."

ఆయన చేతిలో అప్పటికే ఒక కండువా ఉంది. రంగు చూడకుండానే లోపలి గది వైపు పరుగెత్తాను. సిస్టరు సూదిలోకి మందు ఎక్కిస్తోంది. మంచం పీకేశారు గనక నాయనమ్మ బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది.

"సిస్టర్, నేనూ లోపలే ఉంటా. నాయనమ్మ చెయ్యి పట్టుకుంటా" అన్నాను. అంత గట్టిగా నేను ఎవరినీ ఏదీ అడగలేదు.

"దాని నోరు చూడు, ఎంత బాగా వచ్చిందో!" అని నాయనమ్మ మురిసిపోయింది. "పోవే, సారు పిలుస్తన్నాడు. ఇక్కడ చూడ్డానికి ఏముంది?"

"అదిగో అవ్వ కూడా చెప్పింది" అని సిస్టరు నవ్వుతూ నన్ను మోచేత్తో గుమ్మం బయటికి నెట్టి, తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.